చెప్పులు విడిచిన దొర

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో బిడ్డల్ని విదేశాలకు పంపిన విశ్వాసులు నేడు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. పంపేటప్పుడు వీసా, ఫీజు, పచ్చడి సీసాలు అన్నీ సరిచూస్తాం. పరాయి గడ్డమీద ఎలా మెలగాలో మాత్రం చెప్పడం మరచిపోతాం. ఆ పాఠం మన దేశానికి వచ్చిన ఒక ఆంగ్లేయుని జీవితంలో ఉంది. బాపట్ల, తెనాలి వారికి బాగా తెలిసిన సాల్వేషన్ ఆర్మీని భారతదేశంలో ప్రారంభించిన ఫ్రెడరిక్ బూత్ టక్కరే ఆయన.

టక్కర్ 1853లో నేటి బీహారులోని ముంగేరులో పుట్టారు. ఇంగ్లండులో చదువుకుని, ఐసీఎస్ అధికారిగా పంజాబుకు వచ్చారు. బంగళా, నౌకర్లు, హోదా, దేనికీ కొదవ లేదు. అంతలో సాల్వేషన్ ఆర్మీ పత్రిక ఒకటి ఆయన చేతికి వచ్చింది. అది చదివి కదిలిపోయి లండన్ వెళ్లి విలియం బూత్‌ను కలిశారు. 1881లో ఉద్యోగం వదిలి సేవలో చేరారు.

1882 సెప్టెంబరు 19న మరి ముగ్గురితో కలిసి బొంబాయిలో దిగారు. సైన్యం వస్తోందని విని పెద్ద దండు కోసం ఎదురుచూసిన పోలీసులు ఆ నలుగురినే చూసి తెల్లబోయారని చెబుతారు. వీధుల్లో ఊరేగింపుగా వెళ్లి సువార్త ప్రకటించినందుకు టక్కర్ జైలుకు కూడా వెళ్లారు.

ఆయన పుట్టింది ఈ దేశంలోనే. ఇక్కడి భాష, చట్టం ఆయనకు తెలుసు. అయినా అధికారిగా ఉన్నన్నాళ్లు జనానికి పరాయివాడే. అందుకే కుర్చీ దిగారు. కాషాయ బట్ట కట్టి, తలపాగా చుట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నారు. నేలమీద కూర్చుని చేత్తో తిన్నారు. చెప్పులు విడిచి, భిక్షపాత్ర పట్టుకుని ఊరూరా తిరిగారు. దొరల పరువు తీస్తున్నాడని తోటి తెల్లవారు చిన్నచూపు చూసినా మానలేదు.

గుజరాతు పల్లెల్లో జరిగినట్లు ఒక సంగతి చెబుతారు. ఒక ఊరివారు ఆయనకూ తోటి సేవకునికీ చోటివ్వలేదు. ఇద్దరూ ఎండకు అలసి చెట్టుకింద నిద్రపోయారు. అటు వచ్చిన గ్రామస్థులు బొబ్బలెక్కిన ఆ అరికాళ్లను చూసి చలించిపోయి, లేపి, ఊళ్లోకి పిలిచారట. ఆ రోజు మొదటి ప్రసంగం చేసింది నోరు కాదు, పాదాలు!

ఈ బ్రతుకు తేలికైనది కాదు. 1887లో భార్య లూయిసా మరణించారు. మరుసటి ఏడాది విలియం బూత్ కుమార్తె ఎమ్మాను వివాహమాడి బూత్ టక్కర్ అయ్యారు. దంపతులు అమెరికాలో సేవ చేస్తుండగా 1903లో ఎమ్మా రైలు ప్రమాదంలో చనిపోయారు. ఆ గాయంతోనే ఆయన 1907లో తిరిగి భారతదేశానికి వచ్చి, 1919 వరకు సేవ చేశారు.

మన బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ కాలంలో వెలిసిందే. పుట్టుకతోనే నేరస్థులని అప్పటి ప్రభుత్వం ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి, ఆ బాధ్యతను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. పొలం, పని, బడి దొరికాయి. కాని హాజరు చెప్పాలి, అనుమతి లేనిదే గడప దాటకూడదు. ఆ చట్టం 1952లో రద్దయినా దాని మచ్చ ఎందరినో వెంటాడింది. సత్యం కాబట్టి దీన్ని దాచకూడదు. మనిషి పక్కన కూర్చుని చేసే సేవ వేరు, తాళం చెవి చేతపట్టి చేసే సేవ వేరు. తగ్గింపు ఒకసారి నేర్చుకుంటే తీరిపోయే పాఠం కాదు. అధికారం చేతికి వచ్చిన ప్రతిసారీ మళ్లీ చెప్పులు విడవాలి.

టక్కర్ 1929 జూలై 17న లండన్‌లో కన్నుమూశారు. ఆయన బట్ట మార్చుకున్నారు, తిండి మార్చుకున్నారు, పేరు మార్చుకున్నారు. ప్రభువును మాత్రం మార్చుకోలేదు. పరలోక మహిమను విడిచి దాసుని రూపం ధరించిన క్రీస్తే ఆయనకు మాదిరి.

డాలస్‌లో, దుబాయిలో ఉన్న మన బిడ్డలకు ఈ మాట చేరవేద్దాం. అక్కడివారి భాష నేర్చుకోండి, వారి బల్ల దగ్గర కూర్చోండి, చిన్న పనికి సిగ్గుపడకండి. మా ఊళ్లో మేమెవరమో తెలుసా అనే గర్వాన్ని విమానాశ్రయంలోనే వదిలేయండి. విశ్వాసాన్ని మాత్రం వెంట తీసుకువెళ్లండి. ఇక్కడే ఉన్న మనకూ అదే మాట. మన వీధికి కొత్తగా వచ్చిన పరదేశి దగ్గర మనం చెప్పులు విడిచామా?