ఉయ్యాలవాడ ఇంటి భరణం

ఆళ్లగడ్డకు సమీపానగల ఉయ్యాలవాడ పేరు వినగానే మనకు నరసింహారెడ్డి గుర్తుకు వస్తాడు. నొస్సం పాలెగాడైన జయరామిరెడ్డి తనకు కొడుకులు లేక కూతురి బిడ్డ అయిన ఈయనను దత్తత చేసుకున్నాడు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి ఇచ్చివేశాక, థామస్ మన్రో పాలెగాండ్ర అధికారం తీసివేసి భరణాలు ఏర్పరచాడు. తాత చనిపోగానే ఆయన భరణం ఆగిపోయింది. తండ్రివైపున నరసింహారెడ్డికి మిగిలింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు! సిద్ధమ్మ, పేరమ్మ, ఓబులమ్మ అని ముగ్గురు భార్యలు, బిడ్డలు, ఆశ్రితులు ఉన్న ఇల్లది.

అయితే తిరుగుబాటుకు ఆ పైకమొక్కటే కారణమని మేము అనుకోము. ఊరి కావలి కాసే కట్టుబడుల మాన్యాలను కూడా సర్కారు తీసివేసుకుంది. కూడు పోయినవారు ఆయన చెంత చేరారు. బోయలు, చెంచులు సైతం కలిశారు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. అక్టోబరులో పేరుసోమల కొండల్లో ఆయన పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, తలను కోట బురుజు మీద వేలాడదీశారు. 1877 వరకూ దానిని దించలేదు. ముప్పది ఏండ్లు!

సంఘస్థులమైన మనం ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. 1850లలో ఆళ్లగడ్డ ప్రాంతపు ముత్యాలపాడుకు ఎస్పీజీ మిషనరీలు వచ్చారు. మన పెద్దలలో కొందరు సువార్తను మొదట విన్నది వారి నోటనే. అప్పటికి ఆ తల ఇంకా బురుజు మీదనే ఉంది.