బెరిల్ బర్టన్: ఆగడం తెలియని మనిషి

మనలో చాలామందికి ఆ సీన్ బాగా తెలుసు. పరీక్ష హాలు, ముందు పేపరు, చదివిందంతా ఒక్కసారిగా మాయం, అరచేతుల్లో చెమట. 1948 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో పదకొండేళ్ల పాప ఒకతి సరిగ్గా ఇలాగే కూర్చుంది. అక్కడ ఆ రోజుల్లో పదకొండేళ్లకే ఒక పెద్ద పరీక్ష పెట్టేవారు. పాసైతే మంచి బడి, పై చదువు. ఫెయిలైతే మామూలు బడి, ఆ తర్వాత ఏదో ఒక పని. జీవితం అక్కడే రెండు దార్లుగా చీలిపోయేది. ఆ పాప కంగారుపడిపోయి ఫెయిలైంది.

కథ అక్కడితో ఆగలేదు. ఆ వెంటనే కీళ్లవాత జ్వరం వచ్చింది. దాంతోపాటు కాళ్లూ చేతులూ మాట వినని నరాల జబ్బు. తొమ్మిది నెలలు ఆసుపత్రిలో, ఆ తర్వాత పదిహేను నెలలు కోలుకునే ఆశ్రమంలో గడిపింది. ఈ జ్వరం గుండెను దెబ్బతీస్తుంది కాబట్టి ఒళ్లు అలిసే పనులేవీ పెట్టుకోవద్దని డాక్టర్లు చెప్పి పంపించారు.

ఆ పాపే బెరిల్ బర్టన్. పుట్టింది 1937 మే 12న. డాక్టర్ల మాట ఆమె ఎంత బాగా విన్నదో ఇక చదవండి.

సైకిల్ ఆమె జీవితంలోకి చార్లీతో కలిసి వచ్చింది. 1955లో ఇద్దరికీ పెళ్లయింది, మరుసటి ఏడాది కూతురు డెనిస్ పుట్టింది. చార్లీకి సైకిల్ క్లబ్బు పిచ్చి. మొదట్లో భార్య వెనకబడితే చెయ్యివేసి తోసేవాడట. కొన్నాళ్లకే పక్కపక్కన తొక్కే స్థాయికి వచ్చింది, ఇంకొన్నాళ్లకు ఆమె ముందు, ఆయన వెనక. అప్పుడు చార్లీ ఒక పని చేశాడు. తన పోటీలు పక్కన పెట్టేసి భార్య సైకిల్‌కి మెకానిక్ అయ్యాడు, ఆమెకు డ్రైవర్ అయ్యాడు, రోడ్డు పక్కన నీళ్ల సీసా పట్టుకుని నిలబడే మనిషి అయ్యాడు. 1950ల్లో ఇలా చేసిన భర్తలు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

వాళ్లుండే మోర్లీ, యార్క్‌షైర్ ప్రాంతంలో లీడ్స్‌ని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. యార్క్‌షైర్‌కి పడమట పెన్నైన్ కొండలు, ఈశాన్యాన నార్త్ యార్క్ మూర్లు, అవి దాటితే విట్బీ, స్కార్బరో దగ్గర ఉత్తర సముద్రం. మూర్ అంటే చెట్లు లేని ఎత్తైన బీడునేల. గడ్డి, బురద, ఆగస్టులో ఊదారంగు పూలతో నిండిపోయే హెదర్ పొదలు తప్ప అడ్డేమీ ఉండదు. సముద్రం మీది గాలి సూటిగా మొహానికే కొడుతుంది. రోజ్‌డేల్ దగ్గర ఒక రోడ్డైతే మూడడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకెక్కుతుంది. ఇలాంటి చోట సైకిల్ తొక్కేవాళ్లకు వేరే జిమ్ముతో పనేముంది?

బెరిల్‌కి మాత్రం ఇంకో జిమ్ము కూడా ఉంది, అది పొలం. నిమ్ కార్లైన్ అనే తోటి సైక్లిస్టుకి రూబార్బ్ తోట ఉండేది. రూబార్బ్ అంటే ఎర్రటి పుల్లటి కాడల మొక్క, మన గోంగూరలాగా పులుపు కోసమే తింటారు. ఆ తోటలో దుంపలు తవ్వడం, బరువులు మోయడం ఆమె ఉద్యోగం. పగలంతా మట్టిపని, మిగిలిన టైంలో సైకిల్. ఎన్ని గెలిచినా ప్రొఫెషనల్ కాలేదు. చివరిదాకా అమెచ్యూర్‌గానే ఉంది.

ఆమె గెలిచినవి చూద్దాం. ట్రాక్ మీద పర్స్యూట్‌లో ప్రపంచ విజేత, ఐదుసార్లు. రోడ్ రేసులో ప్రపంచ విజేత, 1960లో, మళ్లీ 1967లో. దేశంలో జాతీయ టైటిళ్లు 90కి పైగా. 25, 50, 100 మైళ్ల టైం ట్రయల్స్‌లో సగటు వేగం చూసి ఏటా బ్రిటన్ ఉత్తమ సైక్లిస్టును ఎంపిక చేస్తారు. మహిళల్లో ఆ స్థానం 1959 నుంచి 1983 దాకా వరసగా 25 ఏళ్లు ఆమెదే. ఒలింపిక్ పతకం మాత్రం ఒక్కటీ లేదు. ఎందుకంటే మహిళలకు ఒలింపిక్స్‌లో సైక్లింగ్ మొదలైందే 1984లో. అప్పటికి ఆమెకు 47 ఏళ్లు.

ఇక అసలు రోజుకి వద్దాం. 1967 సెప్టెంబర్ 17, యార్క్‌షైర్‌లో ఓట్లీ క్లబ్బు నడిపిన పన్నెండు గంటల టైం ట్రయల్. ఈ పోటీలో గమ్యం ఉండదు, గడియారమే గమ్యం. పన్నెండు గంటల్లో ఎంత దూరం తొక్కితే అంత. ఒకరి తర్వాత ఒకరు బయల్దేరతారు, ఒకరి వెనక ఒకరు దాక్కోకూడదు. మన ఫ్లూయిడ్ మెకానిక్స్ గుర్తు చేసుకోండి: గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని చీల్చడానికి కావాల్సిన పవర్ ఘనంతో పెరుగుతుంది. గుంపులో ఉంటే ముందున్నవాడు ఆ గాలి భరిస్తాడు. ఇక్కడ మొత్తం నువ్వే భరించాలి.

ముందు మగవాళ్లు 99 మంది వెళ్లారు. వాళ్లలో ఆఖరివాడు మైక్ మెక్‌నమారా. అతను వెళ్లిన రెండు నిమిషాలకు మహిళల పోటీలో బెరిల్ బయల్దేరింది. మెక్‌నమారా ఆ రోజు మామూలుగా తొక్కలేదు, పురుషుల రికార్డు బద్దలుకొట్టే ఊపులో ఉన్నాడు. దాదాపు 235 మైళ్ల తర్వాత ఆమె అతన్ని అందుకుంది.

ఊరికే దాటేసి వెళ్లిపోవడానికి ఆమెకు మనసొప్పలేదు. తను రికార్డు తొక్కుడు తొక్కుతున్నా ఒక ఆడమనిషి దాటిపోతోందంటే అతనికెలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. జేబులో చెయ్యి పెట్టి అతిమధురంతో చేసిన మిఠాయి ఒకటి తీసి అందించింది. అతను థ్యాంక్స్ చెప్పి నోట్లో వేసుకున్నాడు. ఆమె ముందుకెళ్లిపోయింది.

పన్నెండు గంటలు ముగిసేసరికి మెక్‌నమారా 276.52 మైళ్లు, పురుషుల కొత్త రికార్డు. బెరిల్ 277.25 మైళ్లు, అంటే 446 కిలోమీటర్లు. గంటకు సగటున 37 కిలోమీటర్ల పైనే. పురుషులు ఆ దూరాన్ని దాటడానికి 1969 దాకా పట్టింది. మహిళల్లో ఆ రికార్డు 2017 దాకా, యాభై ఏళ్లు, అలాగే నిలిచింది.

ఇక్కడితో ఆపేస్తే మంచి మోటివేషనల్ పోస్ట్ అవుతుంది. కానీ కథకు ఇంకో వైపు కూడా ఉంది.

1976 జాతీయ రోడ్ రేసులో తల్లీకూతుళ్లిద్దరూ పోటీపడ్డారు. ఆఖరి స్ప్రింట్‌లో డెనిస్ గెలిచింది. పోడియం మీద బెరిల్ కన్నకూతురికి చెయ్యి కలపలేదు. రేసులో డెనిస్ తన వంతు శ్రమ పడలేదని తల్లి కోపం. తను దాటేసిన మగవాడికి మిఠాయి ఇచ్చిన చెయ్యి సొంత కూతురి దగ్గర ముడుచుకుపోయింది. అలా చేయడం పద్ధతి కాదని తర్వాత తన ఆత్మకథలో ఒప్పుకుంది కూడా. 1982లో తల్లీకూతుళ్లిద్దరూ ఒకే టాండెమ్ సైకిల్ ఎక్కి పది మైళ్ల జాతీయ రికార్డు నెలకొల్పారు. వాళ్లిద్దరి మధ్య రాజీ కూడా సైకిల్ మీదే కుదిరిందేమో అనిపిస్తుంది.

ఓడిపోవడం ఆమెకు చేతకాలేదు, వయసును ఒప్పుకోవడం అంతకన్నా చేతకాలేదు. యాభైల్లోనూ పోటీలకు వెళ్తూనే ఉంది. 1996 మే 5న, తన 59వ పుట్టినరోజు పిలుపు కార్డులు పంచడానికి సైకిల్ మీద బయల్దేరింది. దారిలో గుండె ఆగిపోయింది. పుట్టినరోజు ఇంకా వారం ఉంది.

డాక్టర్లు చెప్పింది తప్పని కొందరంటారు. నాకు అలా అనిపించదు. గుండె బలహీనమన్నది నిజమే. అయితే ఆ గుండెతో ఏం చెయ్యాలో రిపోర్టు కాగితం చెప్పలేదు. ఆమె ఎంత దూరం వెళ్లగలదో పదకొండేళ్లప్పటి పరీక్ష పేపరూ చెప్పలేదు. ఎక్కడ ఆగాలో ఆమెకూ తెలియలేదు. అందువల్ల దక్కిన గెలుపులూ, పోడియం మీద కలపని ఆ చెయ్యీ రెండూ ఆమెవే.

మోర్లీలో ఇప్పుడు ఆమె పేరు మీద ఒక చిన్న తోట ఉంది. ఎప్పుడైనా యార్క్‌షైర్ వైపు ఎమ్మెస్‌కి వెళ్తే ఒకసారి చూసి రండి. జేబులో ఒక మిఠాయి మాత్రం మర్చిపోకండి.