బేక్లాండు పండితుని చరిత్రము

పొయ్యిమీఁది కుక్కరు కాలుచున్నను దాని నల్లని పిడి మన చేతిని కాల్చదు. అట్టి పిడులకు మూలమైన బేకలైటును కనుగొనిన లియో బేక్లాండు పండితుని చరిత్రము నిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నారము.

ఈతఁడు బెల్జియము దేశమందలి ఘెంటు నగరమున 1863 నవంబరు 14వ తేదీన జన్మించెను. తండ్రి చెప్పులు కుట్టి జీవించువాఁడు. బాలుఁడు పేదవాఁడయ్యును విద్యార్థివేతనముతో చదివి, చిన్నవయసుననే డాక్టరు పట్టమును బడసెను. 1889లో అమెరికాకు వెడలి, దీపపు వెలుతురులోనే ఛాయాచిత్రములను ముద్రింపఁదగిన వెలాక్సు కాగితమును తయారుచేసెను. 1899లో దానిని ఈస్ట్‌మన్ కొడాకు వారికి విక్రయించి ధనవంతుఁడయ్యెను. అయినను సోమరియై కూర్చుండక, తన యింటికడనే ప్రయోగశాలను నెలకొల్పెను.

ఆ కాలమున విద్యుత్పరికరములకు లక్కతో చేసిన పూతలు వాడుచుండిరి. లక్క మన దేశమున చెట్లకొమ్మలపై పురుగులు చేయు పదార్థము. దాని వెల యధికము. ఫీనాలును ఫార్మాల్డిహైడును కలిపినచో పాత్రకంటి వదలని మడ్డి యేర్పడునని 1872లోనే బేయరు అను జర్మను పండితుఁడు గమనించెను. కాని యది పనికిరానిదని విడిచిరి. బేక్లాండు వేఁడిమిని, ఒత్తిడిని అదుపునందుంచి, 1907లో ఆ మడ్డినే అచ్చులలో మలచఁదగిన వస్తువుగా మార్చెను. అదియే బేకలైటు. టెలిఫోనులు, రేడియో పెట్టెలు, దీపపు మీటలు దానితో తయారయ్యెను.

ప్లాస్టిక్కులు ముఖ్యముగా రెండు తెగలు. కాల్చిన కుండ మరల మట్టిముద్ద కానట్లు, బేకలైటు గట్టిపడిన పిదప మరల కరగదు. రెండవ తెగ మైనమువలె వేఁడికి మెత్తఁబడి, చల్లారిన గట్టిపడును. కామారెడ్డి, యెల్లారెడ్డి పొలములలోని పి.వి.సి. గొట్టములును, అంగళ్లలోని పాలిథీను సంచులును ఈ తెగలోనివే.

బేక్లాండు 1944 ఫిబ్రవరి 23న మరణించెను. చెడకుండుట ఆయన వస్తువునకు గొప్ప గుణము. ఏండ్లతరబడి వాడు పిడికి అది మేలే. గడియలో పాఱవేయు సంచికి అదియే కీడు. చెఱువున పడిన సంచి కుళ్లదు. దానిని మ్రింగిన పశువునకు ప్రాణాపాయము. అందుచేతనే ఒక్కమాఱు వాడి విడుచు ప్లాస్టిక్కు వస్తువులు కొన్నింటిని భారత ప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించెను.

ఇతరులు పాఱవేసిన మడ్డియందు ఆయన ప్రయోజనమును చూచెను. మనమో, ప్రయోజనముగల వస్తువును మడ్డివలె పాఱవేయుచున్నారము. అంగడికి పోవునపుడు గుడ్డసంచిని వెంటఁగొనిపోవుట మనకు కష్టమా? బాలబాలికలు ఆలోచింతురుగాక!