చెవుడును లెక్కచేయని గిడుగు

మొవ్వ: పదానికీ, మద్దెల దరువుకూ పేరుపడిన మొవ్వ, కూచిపూడి సీమలో చెవి విలువ వేరే చెప్పనక్కరలేదు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరిట ఇక్కడి పాఠశాలలూ స్మరించుకునే గిడుగు వెంకట రామమూర్తి చెవుడుతోనే జీవించారని ఎరిగినవారు తక్కువ. అది పుట్టుకతో వచ్చినదీ కాదు, వార్ధక్యం తెచ్చినదీ కాదు. ప్రాణం నిలిపిన మందే మిగిల్చిన లోపమది.

1863లో శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో గిడుగు జన్మించారు. విజయనగరంలో గురజాడ అప్పారావుకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషకు అప్పట్లో లిపి లేదు, నిఘంటువు లేదు. నేర్వదలచిన వానికి చెవే గ్రంథం. సవర తెలిసిన వ్యక్తిని ఇంట ఉంచుకుని అభ్యసించారు. అంతటితో తృప్తి చెందక అడవుల వెంట గూడేలకు వెళ్లారు. అక్కడ మలేరియా పట్టుకుంది. ఆనాడు దానికి క్వినైన్ ఒక్కటే శరణ్యం. జ్వరం విడిచింది, చెవుడు మాత్రం బతికినంతకాలం విడువలేదు.

క్వినైన్ మోతాదు మించితే తొలుత చెవుల్లో హోరు, పిదప వినికిడి మాంద్యం కలుగుతాయి. మందు ఆపితే సాధారణంగా తగ్గుతుంది, కొందరిలో తగ్గదు. నేడు వాడే స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లకు, క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌కు కూడా ఈ గుణం ఉంది. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సూక్ష్మకణాలు ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. మూత్రపిండాల వ్యాధిగ్రస్తులకు, వృద్ధులకు ముప్పు ఎక్కువ. హోరు మొదలైన రోజే వైద్యుడికి చెబితే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో వీలుపడుతుంది. గిడుగు కాలంలో ఆ ప్రత్యామ్నాయం లేకపోయింది. ఇప్పుడుండి కూడా ఇంజెక్షన్లు సొంతంగా పొడిపించుకునేవారున్నారు.

వినికిడి తగ్గినా ఆయన పని తగ్గలేదు. సవర పిల్లల కోసం బడులు పెట్టించారు, వాచకాలు రచించారు. వ్యావహారిక భాషకై పండితులతో దశాబ్దాల పాటు వాదించారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలు ప్రసంగించారు. 1931లో సవర భాషా వ్యాకరణం వెలువడింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడంతో రాజమహేంద్రవరం తరలివచ్చారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యేనాటికి ఆయనకు 75 ఏళ్లు. 1940 జనవరి 22న కన్నుమూశారు.