గిరి గారు ఓడిపోయిన ఎన్నిక

భారతదేశ నాలుగవ రాష్ట్రపతి ఎవరు? వరాహగిరి వెంకటగిరి. మన బడిలో ఈ ఒక మార్కు జవాబు రాయనివారు ఉండరు. ఆయన రాజకీయ జీవితంలో ఒక పెద్ద గెలుపు, ఒక పెద్ద ఓటమి మన చుట్టుపక్కలే జరిగాయని మాత్రం నాకు ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గాని తెలియలేదు. ఈ స్వర్ణోత్సవ సంచిక చదివే మిత్రులకు, ఇప్పుడు అక్కడ చదువుతున్న పిల్లలకు ఆ సంగతి చెప్పాలనిపించింది.

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది. గిరి ఐర్లాండులో న్యాయశాస్త్రం చదివి, 1916లో అక్కడి తిరుగుబాటు రోజుల్లో దేశం విడిచి రావలసివచ్చింది. తిరిగొచ్చాక కోర్టు కంటే కార్మికుల పనే ఆయనను ఎక్కువగా లాగింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు. మన బొబ్బిలి - సాలూరు రైలు మార్గం ఆ కంపెనీదే.

1937 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయనను బొబ్బిలిలో నిలబెట్టింది. ఎదుట ఉన్నది సాక్షాత్తు బొబ్బిలి రాజా, జస్టిస్ పార్టీ నాయకుడు, అంతకుముందు మద్రాసు ప్రధానమంత్రి. రాజా సొంత గడ్డ మీదే గిరి గెలిచి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆ పదవిని వదులుకున్నారు.

1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానానికి నిలబడ్డారు. అప్పట్లో అది ద్విసభ్య స్థానం. ఒకటి గిరిజనులకు, ఒకటి జనరల్. ఓటరుకు రెండు ఓట్లు. ముందుగా గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వు సీటు ఇస్తారు. ఆపైన మిగిలిన అందరిలో ఎక్కువ వచ్చినవారికి రెండో సీటు. బిడ్డిక సత్యనారాయణకు రిజర్వు సీటు దక్కింది. రెండో సీటు కూడా గిరిజనుడైన డిప్పల సూరి దొరకే వచ్చింది. వెయ్యి ఓట్లు కూడా తేడా లేకుండా గిరి మూడో స్థానంలో మిగిలారు. రాజును ఓడించిన మనిషిని ఒక గిరిజనుడు ఓడించాడు.

గిరి కోర్టుకు వెళ్లారు. రిజర్వు సీటుకు నామినేషన్ వేసినవాడికి జనరల్ సీటు చెల్లదని ఒక వాదన. సూరి దొర కుటుంబం క్షత్రియాచారాలు పాటిస్తోంది కనుక వారు గిరిజనులే కారని మరో వాదన. 1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రెండింటినీ తోసిపుచ్చింది. అప్పటికి గిరి ఉత్తరప్రదేశ్ గవర్నరు. 1961లో ద్విసభ్య స్థానాలనే చట్టం చేసి రద్దు చేశారు.

1969లో ఆయన స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి, రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపుతో నీలం సంజీవరెడ్డిపై గెలిచారు. ఆ ఎన్నికపైనా కేసు పడింది. రాష్ట్రపతిగా ఉంటూనే స్వయంగా సుప్రీంకోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. 1970లో ఆ కేసు కొట్టేశారు. 1975లో భారతరత్న అందుకుని, 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

2008 పునర్విభజన వరకు సాలూరు ఆ పార్వతీపురం లోక్‌సభ స్థానంలోనే ఉండేది. ఇప్పుడు అరకులో ఉంది. మన అసెంబ్లీ స్థానం గిరిజనులకు రిజర్వు. 2004 నాటి మన ఎన్నిక కూడా గెలిచినవారు గిరిజనులా కాదా అన్న ప్రశ్న మీదే హైకోర్టుకు వెళ్లి తారుమారైంది. గిరి కేసులో లేచిన ప్రశ్న మనల్ని వదల్లేదన్నమాట.

ఇంజనీరును కనుక నా భాషలో చెబుతాను. రిజర్వేషన్ పునాది. దాన్ని స్లాబు అనుకోకూడదు. 1959 తీర్పు చెప్పింది అదే: గిరిజనుడు తనకు కేటాయించిన సీటుతో ఆగనక్కరలేదు, అందరి సీటుకూ పోటీపడవచ్చు. ద్విసభ్య స్థానాలు పోయాక ఆ హక్కు కాగితం మీద అలాగే ఉంది. కానీ జనరల్ స్థానాల్లో గిరిజనులకు టికెట్టు ఇచ్చే పార్టీ ఏదీ? నాతో చదివిన కొండ ఊళ్ల హాస్టలు పిల్లలు లెక్కల్లో అందరితో పోటీపడి మార్కులు తెచ్చుకున్నవారే. వారి పిల్లలకు ఎన్నికల్లోనూ ఆ అవకాశం దొరకాలి. మన బడిలో గిరి గారి పేరు చెప్పే ప్రతిసారీ సూరి దొర పేరు కూడా చెప్పాలని నా కోరిక.