క్లౌ దొర: ఒక సర్వేయరు ఆత్మీయ ప్రయాణం

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు నాకు జాన్ ఎవరెట్ క్లౌ గుర్తొచ్చారు. ఒంగోలు వైపువారికి ఆయన క్లౌ దొర. ఆయన పేరిట ఆసుపత్రి ఉంది కనుక పేరు చాలామంది వినే ఉంటారు. ఆయన కాలువ తవ్వించిన కాంట్రాక్టరు కూడా అన్న సంగతి తెలిసినవారు తక్కువ. నేను ఇంజనీరును, ఆదివారం చర్చికి వెళ్లే మనిషిని. ఏళ్లు గడిచేకొద్దీ ఉద్యోగమైనా భక్తి అయినా అలవాటుగా మారిపోవడం మన వయసువాళ్లందరం చూస్తున్నదే. మా భాషలో దాన్ని నులివెచ్చని స్థితి అంటారు. చల్లారిన ఆసక్తి మళ్లీ ఎలా రగులుతుందో తెలుసుకోవడానికి క్లౌ జీవితం బాగా పనికొస్తుంది.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ దగ్గర పుట్టారు. అమెరికన్ బాప్టిస్టులు తెలుగువారి మధ్య మిషన్ మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. కుర్రతనంలోనే మినెసోటాలో ప్రభుత్వ భూముల సర్వే బృందంలో చేరి గొలుసులు, దిక్సూచి పట్టుకుని అడవులు కొలిచారు. లాయరు కావాలన్నది ఆయన ఆశ. మతం మీద ఆసక్తి లేదు. అయోవా రాష్ట్రం బర్లింగ్టన్‌లో చదువుకుంటుండగా ఆయన గదిలోని తోటి విద్యార్థి రోజూ రాత్రి మోకరించి ప్రార్థన చేసేవాడు. క్లౌకు అది చికాకు. గది మధ్యలో సుద్దముక్కతో గీత గీసి, నీ ప్రార్థనలన్నీ ఆ పక్కనే చేసుకోమన్నారు. సర్వేయరు కదా, హద్దు వేయడం బాగా వచ్చు! ఆ అబ్బాయి వాదించలేదు, తన పక్కన తను ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాడు. చివరికి ఒకనాడు క్లౌయే గీత దాటి వెళ్లి అతని పక్కన మోకరించారు.

ఇక్కడ తెలుగు మిషన్ పరిస్థితి అప్పటికే దీనంగా ఉంది. నెల్లూరులో ఏళ్ల తరబడి పనిచేసినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. 1853లో మూసేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. అప్పుడు శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఈ మిషన్‌ను ఒంటరి నక్షత్రంగా వర్ణిస్తూ పద్యం రాస్తే, మిషన్‌కు ఆ పేరే స్థిరపడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు క్రైస్తవులతో ఒంగోలులో కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. 1862లో మళ్లీ మూసివేత మాట వచ్చింది. ఆరోగ్యం చెడి అమెరికాలో ఉన్న జూయెట్, ఎవరూ పంపకపోతే ఒంటరిగానైనా వెళ్తానని పట్టుబట్టారు. ఆయన తిరిగి వచ్చేటప్పుడు 1864 చివరిలో అదే ఓడలో బయలుదేరినవారే క్లౌ దంపతులు. 1866 సెప్టెంబరులో వారు ఒంగోలు చేరారు. కొండమీది ప్రార్థనకు జవాబు రావడానికి పన్నెండేళ్లు పట్టింది.

1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అప్పటికే యర్రగుంట్ల పేరయ్య ఆయన దగ్గరికి వచ్చారు. పేరయ్యది తాళ్లకొండపాడు, చర్మాల పని చేసే మాదిగ కుటుంబం. ఒక యోగి గురువు దగ్గర ఏళ్లపాటు సాధన చేసి, ఇంకా తృప్తి తీరక సత్యం కోసం తిరుగుతున్న మనిషి. ఆయన పిలుపు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి కొద్ది రోజులు ఉండగా 28 మంది బాప్తిస్మం పొందారు. ఇటు ఒంగోలులో అగ్రవర్ణాల పిల్లలు మిషన్ బడికి వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని వారు చెప్పేశారు. క్లౌ దంపతులకు ఏం చేయాలో తోచలేదు. ఒకే రోజు ఇద్దరూ వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయమే ఎదురైంది. లోకం చిన్నచూపు చూసినవారినే దేవుడు ఏర్పరచుకుంటాడన్నది అక్కడి సారాంశం. దాంతో సందేహం తీరింది. బడి ఖాళీ అయినా సరేనని మాదిగవాడలవైపే వెళ్లారు.

చేరినవారికి ఆయన పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. జాతరలో డప్పు కొట్టం అంటే, ఆదివారం పొలానికి రాం అంటే ఊరి పెద్దలతో తగాదాయే. ఆ రోజుల్లో విశ్వాసానికి ఖరీదు ఉండేది.

1876లో కరువు మొదలైంది. మద్రాసు ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. కొన్ని చోట్ల పై మేస్త్రీలు మాదిగ కూలీలను హింసిస్తున్నారని తెలిసి, క్లౌ స్వయంగా మూడున్నర మైళ్ల కాలువ పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. పాత సర్వే చదువు అక్కడ అక్కరకొచ్చింది. రాజుపాలెం దగ్గర మకాం పెట్టి, తన బోధకులనే మేస్త్రీలుగా నియమించారు. మట్టి పని చేయించినవాణ్ణి కనుక చెబుతున్నాను: పస్తులతో నీరసించినవారు గంపెడు మన్ను గట్టెక్కించడమే గగనం. అలాంటివారితో కొలత ప్రకారం పని చేయించి, కూలి చేతికందేలా చూడాలంటే లెక్కతోపాటు దయ కూడా ఉండాలి. పని ఆగిన వేళ మేస్త్రీలు కూలీల మధ్య కూర్చుని, భారం మోసేవారిని దగ్గరికి పిలిచే యేసు గురించి చెప్పేవారు. నెత్తిన మన్నుగంప మోసేవారికి ఆ సంగతి వేరే వివరించనక్కరలేదు.

ఇంత జరుగుతున్నా, బాప్తిస్మం అడిగినవారికి మాత్రం ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని పదిహేను నెలలు ఆపేశారు. 1878లో సహాయ నిధులు అయిపోయాక, బోధకులను మాత్రమే గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లికి రమ్మన్నారు. జనం కూడా తరలివచ్చారు. డబ్బు లేదు, ధాన్యం లేదు, ఇళ్లకు వెళ్లమన్నా కదల్లేదు. తమకు అవేమీ వద్దన్నారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నదిలో నిలబడి ఇచ్చారు.

అంతమంది ఒక్కసారి చేరడమేమిటని విమర్శించినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆకలి మనసు మీద పనిచేయదని ఎవరూ అనలేరు. ఇవ్వడానికి చేతిలో ఏదైనా ఉన్నంతకాలం బాప్తిస్మం ఆపి, ఏమీ మిగలనప్పుడే ఇచ్చిన ఆ క్రమం మాత్రం నిజాయితీగలదని నా అభిప్రాయం. ఆ తర్వాత ఆయన జీవితమంతా ఆ జనానికి బడులు పెట్టడంలో, బోధకులను తయారుచేయడంలో గడిచింది. 1910లో అమెరికాలో కన్నుమూశారు.

ఆసక్తి చల్లారినప్పుడు మనం ఉజ్జీవ కూడికల కోసం చూస్తాం. అవి మంచివే. క్లౌ జీవితంలో మాత్రం నిప్పు ప్రతిసారీ మరో మనిషి దగ్గరే అంటుకుంది: రోజూ మోకరించిన తోటి విద్యార్థి, ఫలితం కనబడకపోయినా వదలని జూయెట్, తృప్తి తీరక నడిచొచ్చిన పేరయ్య, మన్నుగంపలు మోసిన కూలీలు. బకింగ్‌హాం కాలువలో ఇప్పుడు సరుకు పడవలు తిరగడం లేదు. ఆ కూలీల మునిమనవళ్లు మాత్రం టీచర్లుగా, నర్సులుగా, ఇంజనీర్లుగా మన మధ్యే ఉన్నారు. మన భక్తి చల్లారిందనిపిస్తే, పక్కనున్నవారిలో ఎవరి గంప బరువుగా ఉందో చూసి చెయ్యి వేద్దాం. ఏ మతం వారికైనా మొదలుపెట్టడానికి అది మంచి చోటు.