తరిగొండ వెంగమాంబ

చిత్తూరు సీమలోని తరిగొండ గ్రామమున 1730లో కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు వెంగమాంబ జన్మించెను. బాల్యముననే వివాహమును, ఆ వెనుకనే వైధవ్యమును ప్రాప్తించెను. శ్రీనివాసుడే తన నాథుడని నమ్మిన ఆమె శిరోముండనమునకు సమ్మతింపలేదు. ఊరివారి నిందలు మిన్నుముట్టెను. నృసింహాలయమున ఆంజనేయ విగ్రహము వెనుక ధ్యానమగ్నయై యుండగా అర్చకుడు వెడలగొట్టెనని పెద్దలు చెప్పుదురు. తోడులేని ఆమెకు తిరుమల కొండయే దిక్కయ్యెను. అచ్చటను కష్టములు తప్పలేదు. తుంబురుకోన ఏకాంతమున తపమాచరించెను. కష్టము తీరిన పిమ్మట గాక, కష్టము నడుమనే స్వామి చెంతనున్నాడని ఆమె నమ్మెను. ఆ నమ్మకమే వేంకటాచల మాహాత్మ్య కావ్యమై పండెను. 1817లో ఆమె పరమపదించెను. నేటికిని రాత్రి ఏకాంతసేవలో స్వామికి ఆమె పేర ముత్యాలహారతి జరుగుచున్నది. ఊరు నిందించిన ఆ తల్లి పేరిటి భవనముననే తిరుమలలో నిత్యము వేలాది యాత్రికులు అన్నప్రసాదము స్వీకరించుచున్నారు.